వాపసు ఇచ్చిన వైపర్లు

మా కారు ముందద్దం మీద, నడిపేవారి కళ్లకు సరిగ్గా ఎదురుగా, విల్లులా వంగిన సన్నని గీతలు కొన్ని ఉన్నాయి. నీడలో కనబడవు. ఎండ ఎదురుపడితే మాత్రం అద్దం నిండా వెంట్రుకలు రాలినట్టు మెరుస్తాయి. అవి మిర్యాలగూడ బూడిద గీసినవి. అక్కడి మిల్లుల్లో వడ్లు ఉడకబెట్టే బాయిలర్లలో కట్టెలకు బదులు ఊకనే వేస్తారు. ఆ ఊక కాలిన బూడిద నల్లని రేకులుగా గాలిలో తేలివచ్చి ఆరేసిన బట్టల మీద, ఆపిన బండ్ల మీద వాలుతుంది. పని మీద తరచుగా ఆ ఊరు వెళ్లవలసిన మా నాన్నకు అద్దం మీద రెండు చెంబుల నీళ్లు పోసే ఓపిక ఏనాడూ లేదు. కారెక్కగానే వైపర్ మీట నొక్కేవాడు. పొడి అద్దం మీద పొడి బూడిదను రబ్బరు బరబరా ఈడ్చుకుపోయేది.

"నీళ్లు పోయకుండా ఎందుకు నాన్నా?" అని అడిగితే, "రెండుసార్లు తిరిగితే అదే పోతది బిడ్డా," అనేవాడు.

బూడిద పోయేది. గీత ఉండిపోయేది. రబ్బరు అంచు కూడా అరిగి, నిరుటి వానాకాలం నాటికి మా వైపర్లు నీళ్లను తుడవడం మాని అద్దమంతా పులమడం మొదలుపెట్టాయి. వాటిని మార్చవలసిన సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. మార్చింది ఈ వేసవిలో. ఎలాంటివి కొనాలో తేల్చింది నేను. ఆ ఎంపికలో నేను ఏ పొరపాటూ చేయలేదు. తరువాత జరిగిన దాన్ని తలచుకుంటే ఈనాటికీ తల ఎత్తబుద్ధి కాదు.

నాన్న ఉద్యోగం గురించి చెప్పకపోతే ఇది అర్థం కాదు. యాసంగి, అంటే రబీ, కోతలయ్యాక రైతులు వడ్లను కొనుగోలు సెంటర్లకు తెచ్చి కుప్పలు పోస్తారు. నాన్న సెంటర్లు తిరుగుతూ, కుప్పలోంచి పిడికెడు గింజలు తీసి, తేమ చూసే మిషన్లో పోసి, అంకె సరిపోతే కాంటా మీద తూకానికి ఒప్పుకుంటాడు. సరిపోకపోతే రైతు మళ్లీ ఆరబోసుకోవాలి. ఆరబోసిన దాని మీద వాన కురిస్తే కథ మళ్లీ మొదటికి వస్తుంది. మరీ నానితే గింజ మొలకెత్తుతుంది. కాంటా అయిన వడ్లు లారీలెక్కి మిర్యాలగూడ మిల్లులకు పోతాయి. ఒక కుటుంబం ఆరునెలల కష్టం లారీ ఎక్కుతుందా, నేల మీదే ఉంటుందా అన్నది నాన్న నోటి నుంచి వచ్చే ఒక్క మాట. మిషన్ అబద్ధమాడదని ఆయన నమ్మకం. ఆయన అబద్ధమాడడని నా నమ్మకం.

నేను డిగ్రీ చదివిన సూర్యాపేట కాలేజీలో చర్చాపోటీలకు మంచి పేరుండేది. ఏ మాటనైనా నిలదీయడం, ఎదుటివారు జారిపోయే దారులన్నీ ముందే మూసేయడం అక్కడే నేర్చుకున్నాను. 'చిన్న లంచమే పెద్ద లంచానికి తల్లి' అన్న అంశం మీద నేను మాట్లాడినప్పుడు నాన్న ముందు వరుసలో కూర్చొని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్లు చెవిలో ఉండగానే ఇది రాస్తున్నాను.

పరీక్షలు ముగిసి ఇంట్లో ఖాళీగా ఉన్న నేను నాన్నకు డ్రైవరునయ్యాను. మోకాలి నొప్పితో ఆయన క్లచ్ తొక్కలేకపోతున్నాడు. కారు నా చేతికి రాగానే వైపర్ల సంగతి పట్టించుకున్నాను. కంపెనీ ఇచ్చిన పుస్తకం చదివాను. అమ్మ కుట్టుమిషన్ డ్రాయర్లోని టేపు తెచ్చి పాత బ్లేడ్లను కొలిచాను. మా బండికి రెండూ ఒకే పొడవువి కావు. కుడివైపుది ఇరవై రెండు అంగుళాలు, ఎడమవైపుది పద్దెనిమిది. వెనకద్దానికి ఉన్న చిన్నది వేరే, దాని కొక్కెం కూడా వేరే.

సూర్యాపేటలో మొదట అడిగిన దుకాణదారుడు ఒకే కొలత ఉన్న జత తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"అన్ని బండ్లకు గివే పడతయి మేడం. జర పొడుగుంటే ఏమైతది? ఇంక ఎక్కువ తుడుస్తది."

"ఎక్కువ తుడవదు. రెండూ మధ్యలో తగులుకుంటయి. తగులుకుంటే మోటారు కాలుతది."

"ఇప్పటిదాంక ఎవ్వరిదీ కాలలే."

"ఎవ్వరిదీ కాలలేదని మీకెట్ల తెలుసు? కాలినోళ్లు మళ్లీ మీ దగ్గరికే వస్తరా?"

అతను నాన్న వైపు తిరిగాడు. "సార్, మీ అమ్మాయి వైపర్ కొననీకి వచ్చిందా, కొట్లాటకు వచ్చిందా?"

నాన్న గర్వంగా నవ్వాడు. మేము ఏమీ కొనకుండానే బయటికి వచ్చాం.

తరువాతి వారం కోదాడ వైపు పని పడింది. హైవే మీద, బస్టాండుకు కాస్త ఇవతల, సీటు కవర్లు తోళ్లలా వేలాడదీసిన దుకాణం ఒకటి కనిపిస్తే కారు ఆపాను. యజమానికి ముప్పై ఏళ్లుంటాయి. నన్ను చూసి కూర్చొనే ఉన్నవాడు, నా వెనకాల దిగిన నాన్నను చూసి చెప్పులు కూడా తొడుక్కోకుండా బయటికి వచ్చాడు.

"సార్! రండి రండి. నన్ను గుర్తుపట్టలేదా? మాది నడిగూడెమండి. మా నాయన వడ్లు మీ సెంటర్లోనే పోసినం."

నాన్న కళ్లు చిట్లించాడు. "గొర్ల పెద్దాయన కొడుకువా?"

"అవునండి. గొర్లు ఆయనకి, ఈ సీటు కవర్లు నాకు. రెండూ తోలు వ్యాపారమే."

నాన్న గట్టిగా నవ్వాడు. నేనూ నవ్వాను. అతను మంచి హాస్యగాడు. ఆ నవ్వును కూడా తరువాత లెక్కలోకి తీసుకోవలసి వచ్చింది.

అతను బల్ల మీద రెండు రకాలు పరిచాడు. "ఇది పాత మోడల్, ఇనుప కంబీలది. ఇది కొత్తది, ఎముకల్లేనిది. మీ ఇష్టం మేడం."

నేను రెండింటినీ చేతిలోకి తీసుకొని వంచి చూశాను. కంబీలదానికి కీళ్లున్నాయి. మేము తిరిగే దారిలో మిర్యాలగూడలో ఊక బూడిద, అక్కడి నుంచి వాడపల్లి వైపు వెళితే సిమెంటు దుమ్ము. ఆ రెండూ కీళ్లలో చేరి, ఒక్క వాన పడితే గట్టిపడతాయి. కీలు బిగుసుకుపోతే రబ్బరు అద్దానికి ఒకచోట ఆనుతుంది, ఒకచోట ఆనదు. కీళ్లు లేనిదానికి ఆ బాధ ఉండదు. ఈ సంగతి నేను విడమరచి చెప్పాను. రబ్బరు అంచును గోటితో తాకి చూసి, గరుకుగా ఉన్న ఒక జతను పక్కన పెట్టి, వేరే జత తెమ్మన్నాను. కొక్కెం మా బండి చేతికి సరిపోతుందో లేదో పెట్టి చూపమన్నాను.

"మేడం, మీరు ఈ ఊళ్లో షాపు పెట్టకండి. నేను గొర్ల దగ్గరికి పోవాల్సొస్తది," అన్నాడతను. పాత బ్లేడు తీసేటప్పుడు చేయి జారి అద్దం పగలకుండా అద్దం మీద మందపాటి తువ్వాలు పరిచాడు. కొత్తవి టక్కున కూర్చున్నాయి. నీళ్లు చల్లి మీట నొక్కితే చప్పుడు లేకుండా, ఒక్క చార లేకుండా అద్దం తేటపడింది. నా ఎంపిక నెగ్గింది.

"వెనకది కూడా మార్చమంటారా సార్?"

"వెనక ఎవడు చూస్తడు? వద్దులే. ఎంతయింది?"

"ఊరుకోండి సార్. మీ దగ్గర తీసుకుంటానా?"

"అట్ల కాదు, చెప్పు."

"మా నాయనకు తెలిస్తే నన్ను ఇంట్లోకి రానియ్యడండి."

నాన్న చేయి చొక్కా జేబు దాకా వెళ్లింది. జేబు మీద కాసేపు ఆగింది. తరువాత కిందికి దిగి తలుపు పిడిని పట్టుకుంది. నేను ఆ చేతినే చూస్తున్నాను. నా చేతిలో సంచి ఉంది, సంచిలో డబ్బుంది. అప్పుడే నేను కట్టి ఉంటే సరిపోయేది. కట్టకుండా, నాన్న ఏం చేస్తాడో చూద్దామని నిలబడ్డాను.

కారు కదిలేముందు అతను కిటికీ దగ్గరికి వంగాడు. గొంతు తగ్గించాడు. "సార్, నాయన కుప్ప ఎండిందంటున్నాడు. చాలా రోజులైంది. మబ్బులు చూస్తే భయమేస్తంది. మీరు అటే పోతున్నారు కదా, జర చూడండి."

"చూస్తలే. మాయిశ్చర్ సరిపోను వస్తే కాంటా పెడతరు."

అంతే. అంతకుమించి ఒక్క మాట లేదు. పాత బ్లేడ్లను పారేయవద్దని నాన్న వెనక డిక్కీలో వేయించుకున్నాడు. ఏ వస్తువునూ పారేసే అలవాటు ఆయనకు లేదు.

హైవే దిగి నడిగూడెం దారి పట్టాక అడిగాను. "పైసలెందుకు ఇయ్యలేదు నాన్నా?"

"తీసుకోనంటే ఏం చెయ్యాలె? కొట్లాడాల్నా?"

"సూర్యాపేటల కొట్లాడినం కద, కొనకముందే."

"అది వేరే. ఈ పిల్లగాడు ప్రేమతోటి పెట్టిండు."

"మీకు ఈ ఉద్యోగం లేకపోతే ఆ ప్రేమ ఉండేదా?"

నాన్న కిటికీలోంచి బయటికి చూశాడు. "నేను అడిగిన్నా? అడగనిది తప్పెట్లయితది?"

"అడగకుండానే ఇచ్చిండంటే, అడగాల్సిన అవసరం కూడా లేనంత భయపడ్డడన్నట్టు."

 అంతలో గాలి లేచింది. పెద్ద పెద్ద చినుకులు అద్దం మీద పగిలాయి. మీట నొక్కాను. కొత్త వైపర్లు తమ పని తాము చేశాయి. ఆ తేటలోంచి సెంటర్ కనిపించింది. జనం టార్పాలిన్ పట్టాలు పట్టుకొని కుప్పల మధ్య పరుగెడుతున్నారు. ఒక ముసలాయన తన కుప్ప మీది పట్టా లేచిపోకుండా దాని మీద బోర్లా పడుకొని ఉన్నాడు. తలపాగా తడిసి మెడకు అంటుకుంది. "గొర్ల పెద్దాయన," అన్నాడు నాన్న. అంత వానలోనూ ఆయన చేతివేళ్లు పట్టా అంచును ఎలా పిడికిట బిగించాయో నాకు స్పష్టంగా కనబడింది. పాత వైపర్లే ఉంటే అదంతా మసకగా ఉండేది. ఆయన కొడుకు పెట్టిన వైపర్లు ఆయన్ను చూపిస్తున్నాయి. నా చెవులు వేడెక్కాయి.

వాన ఎంత హఠాత్తుగా వచ్చిందో అంత హఠాత్తుగా ఆగింది. నాన్న గొడుగు తీసుకొని దిగాడు. ముసలాయన లేచి, పట్టా కొంచెం ఎత్తి, లోపలి నుంచి పిడికెడు వడ్లు తీసి ఇచ్చాడు. నాన్న మిషన్లో పోశాడు. అంకె చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇంక జర ఎండాలె పెద్దాయనా. రెండెండలు పడితే వస్తది."

"సరే సార్. మీరు ఎట్లంటే అట్ల." ముసలాయన పట్టాను మళ్లీ కప్పి, చుట్టూ రాళ్లు పెట్టాడు. తరువాత కారు దగ్గరికి వచ్చి, నన్ను చూసి నవ్వి, నాన్నను అడిగాడు. "మావోడు ఫోన్ చేసిండు సార్. వైపర్లు మంచిగ పడ్డయా?"

ఆ మాటలో వెటకారం లేదు. నిజంగానే అడిగాడు. తన కొడుకు చేసిన పని బాగుందా లేదా అని ఒక తండ్రి అడిగినట్టు అడిగాడు.

"మంచిగ పడ్డయి," అన్నాడు నాన్న.

తిరుగు దారిలో ఆయనే మొదలుపెట్టాడు. "చూసినవా? వైపర్లు పెట్టిండని పాస్ చేసిన్నా?"

చర్చాపోటీల్లో రెండు కొమ్ముల వాదన అని ఒకటి నేర్పేవారు. ఎదుటివారు ఏ కొమ్మును పట్టుకున్నా మరొకటి పొడవాలి. నాకు అది అలవాటుగా నోటికి వచ్చింది. "పాస్ చేస్తే అది లంచం అయ్యేది నాన్నా. చెయ్యలేదు కాబట్టి, తీసుకొని కూడా పని చెయ్యనట్టయింది. ఏది మంచిది?"

నాన్న ముఖం చిన్నబోయింది. ఆయన నిజాయితీని ఆయన ముందే నేను అవమానంగా మార్చి చూపించాను. అప్పటికి నాకు సిగ్గు ఆయన గురించే. నా గురించి ఇంకా మొదలు కాలేదు.

మరుసటి ఉదయం ఆయన వేరే అధికారి బండిలో వెళ్లాడు. నేను ఇంటి ముందు కారు ఆపి, అద్దం మీద తువ్వాలు పరిచి, కొత్త వైపర్లు విప్పాను. డిక్కీలోని పాతవి మళ్లీ తగిలించాను. కొత్తవాటిని తడిగుడ్డతో తుడిచి, పేపర్లో చుట్టి, నాన్నకు చెప్పకుండా కోదాడ బయలుదేరాను. ఒకవేళ ఆ దుకాణదారు వాపసు తీసుకోకపోతే డబ్బు ఇవ్వాలని కూడా అనుకున్నాను. దారి పొడవునా చెప్పవలసిన వాక్యాలు పేర్చుకున్నాను. అవి బాగున్నాయి.

దుకాణంలో ఆ యువకుడు, ఒక లారీ డ్రైవరు ఉన్నారు. పేపరు విప్పి బల్ల మీద పెట్టగానే యువకుడి ముఖంలో రక్తం లేకుండా పోయింది.

"సరిగ్గా పడలేదా మేడం?"

"బాగా పడ్డయి. కానీ మేము తీసుకోవడం సరి కాదు. వాపసు తెచ్చిన."

అతను కాసేపు వైపర్లనే చూశాడు. "సార్‌కు కోపమొచ్చిందా?"

"లేదు. నాన్నకు తెల్వదు కూడా. నేనే…"

"వెనకది పెట్టలేదనా? సార్ వద్దన్నారండి, లేకపోతే పెట్టేవాణ్ణే." అంటూనే గబగబా లోపలికి పోయి, వెనక వైపరు, దానితోపాటు కాళ్ల కింద వేసే మ్యాట్ల జత ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు. "ఇవి మంచివి. మొన్ననే వచ్చినయి. సార్‌కు చెప్పండి, నేను చిన్నోణ్ణి, తెలవక చేసిన."

నేను వివరించాను. ఎంత వివరించానంటే, ఉద్యోగి బాధ్యత ఏమిటి, కానుకకూ ప్రతిఫలానికీ తేడా ఏమిటి, వాళ్ల కుప్పకూ ఈ వైపర్లకూ ఏ సంబంధమూ ఎందుకు ఉండకూడదు, అన్నీ ఒకదాని తరువాత ఒకటి చెప్పాను. 'కుప్ప' అన్న మాట నా నోట రాగానే అతను చేతులు కట్టుకున్నాడు. నేను చెప్పే ప్రతి మాటనూ అతను తిరగేసి వింటున్నాడని నాకు అప్పుడు తట్టలేదు. ఇచ్చిన దాన్ని పుచ్చుకుంటే మాట కలిసినట్టు. వెనక్కి పంపితే మాట తెగినట్టు. ఆ చుట్టుపక్కల ఎవరికైనా అంతే.

డబ్బు తీసి బల్ల మీద పెట్టాను. లారీ డ్రైవరు నోట్ల వైపూ, నా ఫోను వైపూ చూసి నవ్వాడు. "ముట్టకు తమ్ముడూ. పట్టిచ్చేదానికి వచ్చిందేమో. ఫోన్ల రికార్డు ఎక్కుతుండొచ్చు."

యువకుడు బల్లకు రెండడుగులు దూరం జరిగాడు. "పైసలు తీసేయండి మేడం. దండం పెడతా." నిన్నటి హాస్యగాడు ఎక్కడా లేడు. నేను డబ్బు తీసి సంచిలో వేసుకున్నాను. వైపర్లు బల్ల మీద వదిలేసి బయటికి వచ్చాను. కారెక్కుతుంటే అతను ఫోన్లో అంటున్న మాట వినబడింది. "నాయనా, సార్ వాపస్ పంపిండు."

ఆగి, వెనక్కి వెళ్లి, ఆ వాక్యాన్ని అక్కడే సరిదిద్దవలసింది. నా వాదన పూర్తయిందనుకొని ఇంటికి వచ్చాను.

ఎండలు మళ్లీ కాశాయి. ఒక మధ్యాహ్నం నాన్న భోజనం చేస్తుండగా సెంటర్ నుంచి ఫోన్ వచ్చింది. విని, పెట్టేసి, అమ్మతో అన్నాడు. "ఆ గొర్ల పెద్దాయన వడ్లు ఎత్తుకొని మిర్యాలగూడ పోతున్నడంట. ప్రైవేటు మిల్లుకు అగ్గువ ధరకు అమ్ముకుంటడంట. రేపు నేను పోతే కాంటా అయ్యేది. ఎందుకట్ల చేసిండో సమజైతలేదు."

నాకు సమజైంది. గోడకు ఆనుకొని నిలబడి, కోదాడ వెళ్లిన సంగతి చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన కంచంలోనే చేయి కడుక్కొని లేచాడు. "నడువు," అన్నాడు.

మిర్యాలగూడ చేరేసరికి మిల్లు గేటు ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. చివర నుంచి వెతుక్కుంటూ నడిచాం. ముసలాయన తన ట్రాలీలో వడ్ల మీదే కూర్చొని ఉన్నాడు. ఆయన తెల్ల తలపాగా మీద బూడిద రేకులు వాలుతున్నాయి. నాన్నను చూసి దిగబోయాడు. నాన్న వద్దని చేయి ఊపి, మోకాలి నొప్పితోనే ట్రాలీ చక్రం మీద కాలు పెట్టి పైకి ఎగబాకాడు.

"పెద్దాయనా, నాకు కోపం ఎక్కడిది? నా బిడ్డ తెలవక వాపసిచ్చింది. తప్పు నాది. ఆ రోజు నేను పైసలియ్యకుండ రావొద్దుండె."

చుట్టూ ట్రాక్టర్ల వాళ్లు వింటున్నారు. మా నాన్న పదిమంది ముందు తప్పు ఒప్పుకోవడం నేను అంతకుముందు చూడలేదు.

ముసలాయన ఇబ్బందిపడ్డాడు. "అయ్యో, మీరంత మాటనొద్దు సార్. మావోడు భయపడ్డడు. మబ్బు గూడ పడుతున్నది. మీకెందుకో మనసు ఇరిగిందనుకున్నం. ఇగ ఎన్ని దినాలు గాడ కుప్ప కాడ పండుకోను?"

"ట్రాక్టర్ మలుపు. వాపసు పోదాం."

"పోతే పాస్ చేస్తరా సార్?"

నాన్న వంగి పిడికెడు వడ్లు తీశాడు. మిషన్ ఇంట్లోనే ఉండిపోయింది. ఒక గింజను పంటి కింద పెట్టి కొరికాడు. టక్కుమని విరిగింది. కింద నిలబడిన నాకు కూడా వినబడింది. ముసలాయనకు వినబడింది. అలా విరిగిన గింజ ఎండినట్టేనని సెంటర్లలో పసిపిల్లలకు కూడా తెలుసు. నాన్న మిషన్ పెట్టకముందు చాలాసార్లు అలాగే కొరికి, ముందే చెప్పేసేవాడు. ఆయన పన్ను తప్పడం నేను చూడలేదు.

ముసలాయన ఆ జవాబు కోసం ఆయన ముఖం వైపు చూస్తున్నాడు. నాన్న నా వైపు చూశాడు.

కోర్టులో సాక్షి వకీలు వైపు చూసినట్టు చూశాడు. ఏమన్నా నేను దాన్ని పట్టుకుంటానని, అన్న ప్రతి మాటకూ రెండో కొమ్ము ఉంటుందని ఆయనకు ఈ కొద్ది రోజుల్లో నేనే నేర్పాను. పాస్ చేస్తానంటే, వైపర్లకు బదులు తీర్చినట్టా? నేను ఆ ప్రశ్న అడగలేదు. అడగవలసిన అవసరం కూడా లేనంతగా ఆయన భయపడి ఉన్నాడు.

'అవునను నాన్నా' అనుకున్నాను లోపల. అంతవరకూ నేను నమ్మిన నియమాలన్నిటినీ ఆ ఒక్క మాటకు వదిలేయడానికి సిద్ధపడ్డాను.  కాని నోరు తెరిచి పైకి అనలేదు.

"మిషన్ పెట్టి చూడాలె," అన్నాడు నాన్న. "మాయిశ్చర్ వస్తే పాస్ అయితది."

ముసలాయన మెల్లగా నవ్వాడు. తలపాగా విప్పి, బూడిద దులిపి, మళ్లీ చుట్టుకున్నాడు. "వస్తే మంచిదే సార్. రాకపోతే మళ్ల ట్రాక్టర్ కిరాయి. మళ్ల గాడనే పండుకోవాలె. నాతోని కాదు. పోనియ్యండి. ఎవల తప్పు లేదు."

ముందున్న ట్రాక్టర్ కదిలింది. డ్రైవరు వెనక్కి తిరిగి, "దిగుతరా సార్?" అన్నాడు. నాన్న దిగాడు. దిగేటప్పుడు పిడికిట్లో మిగిలిన గింజలను తిరిగి కుప్పలో పోశాడు. ఒక్కటి కూడా కింద పడకుండా పోశాడు. ట్రాలీ గేటులోకి వెళ్లింది. ముసలాయన మాకు దండం పెట్టాడు. నేను కూడా పెట్టాను. ఆ దండం ఆయన చూశాడో లేదో తెలియదు.

కారు దగ్గరికి వచ్చేసరికి అద్దం నల్లగా ఉంది. నేను స్టీరింగ్ ముందు కూర్చున్నాను. నాన్న పక్క సీట్లో కూర్చొని, పాత అలవాటుతో వైపర్ మీట వైపు చేయి చాపాడు. చాపిన చేయి సగంలో ఆగింది. ఆ రోజు కోదాడలో చొక్కా జేబు మీద ఆగిన చేయే.

"నీళ్లు పోయాల్నా ముందు?" అని అడిగాడు.

ఈ మాట కోసం ఎన్నిసార్లు ఆయనతో వాదించానో! ఇప్పుడు నన్ను అడుగుతున్నాడు. తన కారులో, తన అలవాటు గురించి, పిల్లవాడు పెద్దలను అడిగినట్టు అడుగుతున్నాడు.   సీటు కింది నీళ్ల సీసా తీసుకొని దిగి, అద్దం మీద పోశాను. బూడిద నల్లని చారలై బానెట్ మీదికి కారింది. అద్దానికి అవతల, తడిలోంచి, నాన్న చేతులు రెండూ ఒళ్లో పెట్టుకొని కూర్చొని కనబడ్డాడు. నేను చెప్పేదాకా మీట ముట్టనన్నట్టు.